ప్రవర్తనావాదం (రాజనీతిశాస్త్రం)

ఓటర్లు, నాయకులు వాస్తవంగా ఎలా నడుచుకుంటున్నారో పరిశీలించి, వీలైనచోట లెక్కగట్టి, దాని ఆధారంగానే రాజకీయాలను వివరించాలనే పరిశోధనా దృక్పథం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో బలపడింది. అంతకుముందు రాజనీతిశాస్త్రం ప్రధానంగా రాజ్యాంగాలు, ప్రభుత్వ సంస్థలు, ప్రాచీన తాత్వికుల చుట్టూ తిరిగేది. మనస్తత్వశాస్త్రాన్ని, గణాంకాలను ఇందులోకి తేవాలని చికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ మెరియమ్ 1920లలోనే వాదించాడు.

దీనికి పునాది వేసిన పరిశోధనల్లో మొదట చెప్పవలసింది ఈరీ కౌంటీ సర్వే. 1940 అధ్యక్ష ఎన్నికల వేళ ఒహాయో రాష్ట్రంలోని ఆ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒకే 600 మంది ఓటర్లను మే నుంచి నవంబరు దాకా మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నించింది. ప్రచారం వల్ల పక్షం మార్చినవారు కొద్దిమందే. చాలామందిలో అది ఉన్న అభిప్రాయాన్నే గట్టిపరిచింది. పత్రికలు, రేడియో కంటే ఇరుగుపొరుగు, బంధుమిత్రుల మాటలు బలంగా పనిచేశాయి. ప్రచారమే ఓటరును తిప్పేస్తుందన్న నమ్మకాన్ని ఇంత ఓపికగా పరీక్షించిన పని అంతకుముందు అరుదు.

1953లో డేవిడ్ ఈస్టన్ రాజకీయాలను ఒక వ్యవస్థగా చూసే సిద్ధాంతానికి బాట వేశాడు. అయితే వియత్నాం యుద్ధం, జాతి వివక్ష అమెరికా సమాజాన్ని కుదిపేస్తున్నా ప్రవర్తనావాద పరిశోధకులు పద్ధతుల దగ్గరే ఆగిపోయారన్న విమర్శ న్యాయమైనదే. 1969లో ఈస్టనే ప్రవర్తనానంతర వాదాన్ని ప్రకటించి, సమకాలీన సమస్యలకు స్పందించాలని కోరాడు.

భారతదేశంలో రజనీ కొఠారీ 1963లో ఢిల్లీలో స్థాపించిన అభివృద్ధి సమాజాల అధ్యయన కేంద్రం, ఇదే బాటలో 1967 నుంచి జాతీయ స్థాయి ఎన్నికల సర్వేలు చేపట్టింది.