ప్యాకింగ్ నుంచి సిలికాన్ దాకా

జంషెడ్‌పూర్‌లో 1954లో టెల్కో వాళ్లు మెర్సిడెస్ లారీల తయారీ మొదలుపెట్టిన కాలానికి, ఇంజన్ భాగాల నడుమ ఆయిల్ కారకుండా పెట్టే గ్యాస్కెట్ అంటే కాగితం, కార్కు, రాగి. మెకానిక్కుల నోట అన్నీ ‘ప్యాకింగే’. దొరక్కపోతే తామే కోసుకునేవారు. కవరు మీద ప్యాకింగ్ షీటు పరిచి, అంచు వెంబడి చిన్న సుత్తితో టకటకా తడుతూ పోతే కాగితం ఆ ఆకారంలోనే తెగి వచ్చేది. బోల్టు బెజ్జం మీద బేరింగ్ గుండు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా రంధ్రం. విజయవాడ ఆటోనగర్‌లో కుర్రాళ్లకు ఇదే అక్షరాభ్యాసం. హెడ్ గ్యాస్కెట్‌లో మాత్రం రాగి రేకుల నడుమ ఆస్బెస్టాస్ ఉండేది. వేడిని తట్టుకోవడంలో దానికి ఎదురులేదు, కానీ దాని దుమ్మే ఊపిరితిత్తులకు యముడు. తర్వాత ఆ చోటును పొరల స్టీలు తీసుకుంది.

ప్యాకింగ్ చోటుకు వచ్చిన సిలికాన్ కథ అమెరికాలో మొదలైంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజీన్ రోకో 1940లో దాన్ని చవగ్గా తయారుచేసే దారి కనిపెట్టాడు. 1943లో సిలికాన్ తయారీకే డౌ కార్నింగ్ కంపెనీ పుట్టింది. గాలిలోని తేమ తగిలి గట్టిపడే సిలికాన్ పేస్టు ట్యూబుల్లోకి రావడంతో షెడ్డు అలవాట్లే మారిపోయాయి. మొదటి రకాలు ఘాటుగా వెనిగర్ వాసన కొట్టేవి. ఆ వాసన తెచ్చే ఆమ్లం లోహాన్ని తినేది. ఇంజన్లలోకి సెన్సర్లు వచ్చాక వాటికి హాని చేయని రకాలు కావాల్సి వచ్చింది.

చేతికి సులువైందల్లా అతిగా వాడటం మనవాళ్ల జబ్బు. ఎక్కువ పూస్తే బాగా ఆగుతుందనుకుంటారు. బిగించగానే లోపలికి పొంగిన ముద్ద ఊడి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో పడి, ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ అందక బేరింగులు పోతాయి. పైపొర పావుగంటలో ఆరినా లోపల పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. లోడు ఎక్కించుకుని బయట నిలబడ్డ ఓనరు ఆ రోజు ఆగుతాడా?

ఇప్పుడు ఎన్నో ఇంజన్ల సంపులకు కంపెనీలోనే మరచేతులు సిలికాన్ గీత గీస్తున్నాయి. అక్కడ కాగితం పెడితే తప్పు. అలాగని సిలికాన్ అన్నిచోట్లకూ కాదు. హెడ్ దగ్గర మంట ముందు అది నిలవదు, డీజిల్ తగిలేచోట ఉబ్బిపోతుంది. ప్యాకింగ్ మందంతోనే బేరింగ్ సందు కుదిరే కవర్లకు పేస్టు పూస్తే ఆ లెక్కే తప్పుతుంది. ఇక పాత సిలికాన్‌ను అల్యూమినియం మీంచి బ్లేడుతో గీకితే, ఆ గీతల్లోంచే మళ్లీ ఆయిల్ చెమరుస్తుంది. అందుకే ప్లాస్టిక్ గీకుడు పలకలు, కరిగించే స్ప్రేలు వాడకంలోకి వచ్చాయి.