గొంతుతో గెలిచిన క్లాడ్ రెయిన్స్

క్లాడ్ రెయిన్స్‌కు చిన్నప్పుడు మాట తిరిగేది కాదు. ‘ర’ అసలే పలికేది కాదు. దానికి తోడు దక్షిణ లండన్ పేదల కాక్నీ యాస. 1889 నవంబరు 10న పుట్టిన ఆ పిల్లవాడు పదేళ్ల వయసుకే నాటకాల్లో చిల్లర వేషాలకు చేరాడు. తండ్రి ఫ్రెడ్ రెయిన్స్ కూడా నటుడే గానీ ఇంట్లో మాత్రం గడవని రోజులే.

ఆ కాలంలో లండన్ నాటకరంగానికి పెద్దదిక్కు హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ. ఆయన నడిపిన హిజ్ మెజెస్టీస్ థియేటర్లో రెయిన్స్ కాల్‌బాయ్. నటుల గది తలుపు తట్టి ‘మీ వేషం వచ్చింది, రండి’ అని పిలవడమే పని. తర్వాత తెర పక్కన నిలబడి మాటలు అందించే ప్రాంప్టర్ అయ్యాడు. ఈ కుర్రాడిలో సరుకు కనిపెట్టిన ట్రీ, తన జేబులోంచి డబ్బు తీసి ఉచ్చారణ పుస్తకాలు కొనుక్కోమన్నాడు, శిక్షణ ఇప్పించాడు. ఆ గొంతు దైవదత్తమని పొగిడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అది అక్షరం అక్షరం సాధన చేసి కూడబెట్టుకున్న ఆస్తి.

మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ స్కాటిష్ దళంలో సిపాయిగా చేరాడు. 1916లో ఫ్రాన్సులోని విమీ దగ్గర విషవాయువు సోకి కుడికన్ను దాదాపు పోయింది. గొంతు కూడా దెబ్బతింది. అయినా కెప్టెన్ హోదాతో తిరిగొచ్చాడు. ట్రీ 1904లో స్థాపించిన నాటక అకాడమీలోనే తర్వాత పాఠాలు చెప్పాడు. జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్ ఆయన శిష్యులే. మాట తిరగని పిల్లవాడు ఇంగ్లండ్‌లోకెల్లా గొప్ప గొంతులకు గురువయ్యాడంటే మామూలు విషయం కాదు.

1920ల చివర్లో అమెరికా వెళ్లి న్యూయార్క్ థియేటర్ గిల్డ్ నాటకాల్లో స్థిరపడ్డాడు. సినిమా కోసం ఇచ్చిన స్క్రీన్ టెస్టు తుస్సుమంది. అయితే పక్క గదిలోంచి ఆ గొంతు విన్న దర్శకుడు జేమ్స్ వేల్, మనిషి ఎలా ఉన్నా సరే నాకు ఇతనే కావాలని పట్టుబట్టాడని చెబుతారు. అలా వచ్చిందే ‘ది ఇన్‌విజిబుల్ మ్యాన్’ (1933). అప్పటికి రెయిన్స్‌కు నలభై దాటాయి. సినిమా పొడవునా ముఖం నిండా కట్లు, నల్ల కళ్లద్దాలు. కట్లు విప్పితే లోపల ఏమీ ఉండదు. నల్ల వెల్వెట్ తెరల ముందు నల్ల తొడుగు వేసుకుని నటిస్తే, జాన్ ఫుల్టన్ కెమెరా మాయతో ఒళ్లు మాయమయ్యేది. కళ్లూ కనుబొమలూ ఏవీ సాయం రాని ఆ చోట, అలసట, అహంకారం, ఉన్మాదం మూడింటినీ గొంతే మోయాలి. మోసింది. ప్రేక్షకులు ఆయన ముఖం చూసేది కథానాయకుడు చనిపోయాక, చివరి క్షణాల్లో మాత్రమే.

ఆ తర్వాత వార్నర్ బ్రదర్స్‌లో వరసగా పని. ‘రాబిన్ హుడ్’లో ప్రిన్స్ జాన్, ‘కాసాబ్లాంకా’లో కెప్టెన్ రెనో అందరికీ తెలిసినవే. నన్నడిగితే మాత్రం హిచ్‌కాక్ తీసిన ‘నొటోరియస్’ (1946) వీటన్నిటికంటే ఒక మెట్టు పైన. అందులో ఆయన నాజీ కుట్రదారు సెబాస్టియన్. పొట్టి మనిషి కాబట్టి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పక్కన ఎత్తు చేసిన నేల మీద నిలబెట్టి తీశారు. తల్లిగా వేసిన నటి ఆయనకంటే నాలుగేళ్లు కూడా పెద్దది కాదు. అయినా ఆమె ముందు తప్పు చేసిన కొడుకులా ముడుచుకుపోతాడు. చివర్లో, విషప్రయోగంతో నీరసించిన భార్య బెర్గ్‌మన్‌ను, ఆమెను గూఢచారిగా ఆ ఇంట్లోకి పంపిన అమెరికా ఏజెంటు కేరీ గ్రాంట్ మెట్లు దింపి తీసుకెళుతుంటే, కింద అనుమానంగా చూస్తున్న తోటి కుట్రదారుల ఎదుట నోరెత్తలేక తనూ పక్కనే నడుస్తాడు. తనను కూడా కారెక్కించుకోమని బతిమాలతాడు. తలుపు తీయరు. వెనక్కి తిరిగి, చావు ఎదురుచూస్తున్న ఇంటి మెట్లెక్కుతాడు. ప్రేమించి మోసపోయిన మొగుడిగా ఆ దుర్మార్గుడి మీద మనకు జాలి కలుగుతుంది. ఆ జాలి రాబట్టడం రెయిన్స్ పనితనమే.

ఆ వేషంతో కలిపి సహాయనటుడిగా నాలుగుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు. ఒక్కసారీ ఇవ్వలేదు. ఇది అన్యాయమని ఇవాళ కూడా గట్టిగా చెప్పాలి. రంగస్థలం మాత్రం ఆయన రుణం ఉంచుకోలేదు. ‘డార్క్‌నెస్ ఎట్ నూన్’ నాటకంలో సొంత పార్టీయే జైల్లో పెట్టిన విప్లవకారుడు రుబాషోవ్‌గా వేసి 1951లో టోనీ అవార్డు అందుకున్నాడు.

1962లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో డ్రైడెన్‌గా కనిపించాడు. 1967 మే 30న న్యూ హాంప్‌షైర్‌లో కన్నుమూశాడు. గ్లెన్ గూల్డ్ పియానో వాయిస్తుండగా టెన్నిసన్ కావ్యం ‘ఈనాక్ ఆర్డెన్’ను ఆయన చదివిన రికార్డు ఒకటుంది. రెయిన్స్‌ను కొత్తగా తెలుసుకోవాలనుకునేవారు సినిమాలకంటే ముందు అది వినాలి.