యుద్ధకాలపు స్వచ్ఛంద వైమానికుని జీవితచరిత్ర: ఆధారాలు, పరిమితులు

మీరు కైకలూరు పరిసరాల్లో ఉన్నట్లయితే ఒకసారి తాడేపల్లిగూడెం వెళ్లి రండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిర్మించిన విమానాల రన్‌వే అక్కడ ఇప్పటికీ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. యుద్ధం మన తీరానికి ఎంత దగ్గరగా వచ్చిందో ఆ రన్‌వే గుర్తుచేస్తుంది. అయితే ఆనాటి వైమానికుల గురించి అది ఏమీ చెప్పదు. అందుకు వేరే ఆధారాలు వెతకాలి.

ఉదాహరణకు ఇద్రిస్ హసన్ లతీఫ్ జీవితాన్ని పరిశీలిద్దాం. ఆయన 1923 జూన్ 9న హైదరాబాదులో జన్మించారు. 1942లో, 18 ఏళ్ల వయసులో, వైమానిక దళ అధికారిగా కమిషన్ పొందారు. బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలపై శిక్షణ పొంది, తిరిగి వచ్చి బర్మా రంగంలో పనిచేశారు.

ఇటువంటి జీవితానికి మూడు రకాల ఆధారాలు ఉంటాయి. మొదటిది సర్వీసు రికార్డు: నియామకం, బదిలీ, పదోన్నతుల తేదీలు ఇందులో దొరుకుతాయి. రెండోది వైమానికుడు స్వయంగా రాసుకునే లాగ్‌బుక్: ఏ రోజు, ఏ విమానం, ఎన్ని గంటలు అన్నది తెలుస్తుంది. మూడోది స్క్వాడ్రన్ దినచర్య పుస్తకం. బ్రిటిష్ స్క్వాడ్రన్ల పుస్తకాలు లండన్‌లోని క్యూ వద్ద ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. కుటుంబసభ్యుల జ్ఞాపకాలను వీటితో పోల్చి చూడాలి. తేదీల విషయంలో జ్ఞాపకం పొరబడవచ్చు; భయం, దిగులు వంటివాటిని మాత్రం కాగితం నమోదు చేయదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న ఎదురవుతుంది. భారతదేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. సుమారు 25 లక్షల మంది స్వచ్ఛందంగానే చేరారు. అదే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. మరి ఒక యువకుడు బ్రిటిష్ పాలకుల యుద్ధంలో ఎందుకు చేరాడు? విమానంపై మోజా, జీతమా, ఫాసిజంపై వ్యతిరేకతా? రికార్డులో ‘స్వచ్ఛందం’ అన్న మాట ఉంటుంది కానీ, కారణం ఉండదు.

1947 తరువాత లతీఫ్ భారత వైమానిక దళంలోనే కొనసాగి, 1978లో దాని అధిపతి అయ్యారు. ఆ విజయాన్ని వెనక్కి తీసుకువెళ్లి 18 ఏళ్ల యువకుని మనసులో పెట్టకండి. ఆధారం ఆగిన చోట చరిత్రకారుడూ ఆగాలి.

అభ్యాసం: మీ ప్రాంతంలో 80 ఏళ్లు దాటిన ఒకరిని కలిసి, యుద్ధకాలం గురించి ఇంట్లో విన్నవి, స్వయంగా చూసినవి వేర్వేరుగా రాయండి. వాటిలో ఏ అంశాన్ని ఏ రికార్డుతో సరిచూడవచ్చో సూచించండి.