గ్రాండ్ కేన్యన్‌లో పేర్లు

గ్రాండ్ కేన్యన్‌లో విష్ణు, శివ ఆలయాలన్న పేర్లతో శిఖరాలున్నాయని తెలిస్తే మనవాళ్ళకు సంబరం. నాకూ అంతే. 19వ శతాబ్దిలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భశాస్త్రవేత్త పెట్టిన పేర్లవి.

కొలరాడో నది కోసిన ఈ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలుకు పైనే. అడుగున నల్లటి 'విష్ణు' శిలల వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. పొద్దు వాలేకొద్దీ పై గోడలు ఎరుపు నుంచి ఊదాకు తిరుగుతాయి.

ఆ గోడల మధ్య, ఊట నీటి పక్కన మొక్కజొన్న పండించుకున్నది హవసుపాయి ప్రజలు. 1919లో నేషనల్ పార్కు ఏర్పడ్డాక వాళ్ళను అక్కణ్ణుంచి వెళ్ళగొట్టారు. మిగిలింది 'ఇండియన్ గార్డెన్' అన్న పేరు. ఆ ఇండియన్లు మనం కాదు! 2022లో దాన్ని 'హవసుపాయి గార్డెన్స్'గా మార్చారు.

శిఖరాల మీద మన దేవుళ్ళ పేర్లు చూసి మురిసిపోయే మనం, కింద ఆ పేరునూ ఒకసారి పైకి చదవాలి.