"ముస్లిం రిజర్వేషన్" అని రాసే ముందు ఒక్క నిమిషం

మిత్రులారా, మొన్న ఒక మాక్ టెస్టులో "ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మత ప్రాతిపదికన 4% రిజర్వేషన్ ఇచ్చింది" అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను. ఆ తప్పు మీరు చేయకండి.

మాది జగదల్‌పూర్. మా బస్తర్ ఆదివాసీ ప్రాంతానికి రాజ్యాంగంలోనే ఐదో షెడ్యూల్ ఉంది. ముస్లింలకు అలాంటి షెడ్యూల్ లేదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దారి వెతుక్కోవాల్సి వచ్చింది. వరుస గుర్తుపెట్టుకోండి.

2004: ముస్లింలందరికీ 5% ఇస్తూ జీవో. హైకోర్టు కొట్టేసింది.

2005: అదే 5% చట్టంగా వచ్చింది. మొత్తం 51% అయింది. ఇంద్రా సాహ్నీ తీర్పు (1992) పెట్టిన పరిమితి 50%. మళ్లీ కొట్టివేత.

2007: విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ నివేదికతో లెక్క మారింది. చూసింది మతాన్ని కాదు, సామాజిక, విద్యా వెనుకబాటును. దూదేకులు అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. ఇప్పుడు ముస్లిం ధోబీలు, అత్తరు సాయిబులు, ఫకీర్లు లాంటి వర్గాలతో బీసీ-ఈ ఏర్పడింది. సయ్యద్, పఠాన్, మొఘల్‌లను చేర్చలేదు. 46కు 4 కలిపితే సరిగ్గా 50.

2010: ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 5-2తో దీన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 వర్గాలకు కొనసాగించింది.

హైదరాబాద్‌లో నా ఇంజినీరింగ్ రూమ్మేట్‌కు సీటు వచ్చింది బీసీ-ఈలోనే. వాళ్ల ఇంట్లో మొదటి డిగ్రీ వాడిదే. ఆ సీటు నిలబడింది ఒక మధ్యంతర ఉత్తర్వు మీద.

కాబట్టి జవాబులో ఇలా రాయండి: ప్రభుత్వం గుర్తించాల్సింది వెనుకబాటును, దాన్ని డేటాతో నిరూపించాలి. ఆర్టికల్ 15(4), 16(4) చెప్పేదీ వెనుకబడిన వర్గాల గురించే.