పట్టణ సొమ్ము, సంఘాల సేవ

పురపాలక సంఘం తన ఖజానా నుంచి మన వంటి సంఘాలకు డబ్బు ఇవ్వవచ్చునా? ఇస్తే మనం పుచ్చుకోవచ్చునా? ఈ ప్రశ్న మన కార్యవర్గంలో ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు టీ కప్పులతోపాటే పక్కకు పోయిందో సభ్యులకు తెలియనిది కాదు. "చందాలతో నడిచే సంఘానికి సర్కారు సొమ్మెందుకండీ, రేపు వాళ్లొచ్చి లెక్కలడుగుతారు" అని పెద్దలు. "ఇంటి పన్ను మనం కట్టడం లేదా?" అని కుర్రవాళ్లు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. అయితే ఈ తగవు మనతో మొదలైనది కాదు. దీనికి నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర గలదు.

1854లో చార్లెస్ వుడ్ తాఖీదుతో గ్రాంటు పద్ధతికి పునాది పడింది. బడి ఏ మతం వారిదైనా సరే, లౌకిక విద్య బాగా చెప్పి, తనిఖీకి ఒప్పుకుని, పిల్లల దగ్గర కొద్దోగొప్పో ఫీజు తీసుకుంటే సర్కారు సాయం చేస్తుంది, మతబోధ జోలికి రాదు. కాగితం మీద అందరూ సమానమే. కాని ఇంగ్లీషు వచ్చిన మేనేజర్లున్న మిషనరీ బడులు ముందుగా అందుకున్నాయి. మసీదు వరండాలో పిల్లలకు ఖురాన్ చెప్పే మౌల్వీ సాహెబుకు దరఖాస్తు రాసిపెట్టే వారెవరు చెప్పండి?

తర్వాత 1882లో హంటర్ కమిషన్ కూర్చున్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మొదట అందులో సభ్యులు. ఆయన తప్పుకోగా కుమారుడు సయ్యద్ మహమూద్ ఆ స్థానంలోకి వచ్చారు. ముస్లింల విద్యకు ప్రత్యేక ప్రోత్సాహమివ్వడం స్థానిక, పురపాలక, రాష్ట్ర నిధుల మీద న్యాయమైన ఖర్చేనని ఆ కమిషన్ సిఫారసు చేసింది. మనం గట్టిగా పట్టుకోవలసిన మాట ఇదే. దానం అనలేదు, దయ అనలేదు, న్యాయమైన ఖర్చు అన్నారు. దాని వెంటే ఇంకొకటి: మన సొంత బడులు లౌకిక పాఠాలు కూడా చేర్చుకునేలా ప్రోత్సహించాలని. అంటే డబ్బు వెంట ఒక పని కూడా వచ్చిందన్నమాట.

ఆ రోజుల్లో ఫలితాల గ్రాంటు అని ఒకటి ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, పాసైన తలకు ఇంత అని లెక్కగట్టేవారు. పరీక్షనాడు పిల్లవాడికి జ్వరమొస్తే పంతులుగారి రాబడికి కోత! చదువు చెప్పడం మాని బట్టీ పట్టించారంటే వారిని తప్పుపట్టగలమా?

1950 నాటి రాజ్యాంగం హద్దులు స్పష్టంగా గీసింది. అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉన్నదన్న కారణంతో విద్యాసంస్థకు సాయంలో వివక్ష చూపరాదని 30వ అధికరణం. సాయం పొందే సంస్థలో ఎవరినీ బలవంతంగా మతబోధకు కూర్చోబెట్టరాదని 28వది. పన్ను సొమ్మును ప్రత్యేకించి ఒక మత ప్రచారానికి కేటాయించేందుకు ఎవరి దగ్గరా పన్ను వసూలు చేయరాదని 27వది.

బడుల సంగతి అలా ఉంచి అన్నం సంగతి చూద్దాం. హైదరాబాదులో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. వండి పెట్టింది హరేకృష్ణ సంస్థవారు, తినేవాడిచ్చే ఐదు రూపాయలు పోగా మిగిలిన ఖర్చు భరించింది నగరపాలక సంస్థ. వరుసలో నిలబడ్డ కూలివాడికి కావలసింది ఆకలి తీరడం. ఇటువంటి పనికి పట్టణ సొమ్ము ఇవ్వడం తప్పని మేము అనలేము.

తప్పు ఎక్కడంటే, ఇచ్చే తీరులో. మన రాత్రి బడికి ఒకసారి సాయం మాట ఇచ్చినవారు పదవి దిగగానే ఆ సాయం ఆగిపోయింది. పంతులుగారి మూడు నెలల జీతం మనమే చందాలెత్తి సర్దాం. రాతపూర్వకమైన నిబంధన లేదు, ఎవరిని అడగాలో తెలియలేదు. ఒకరి మొహం చూసి ఇచ్చిన సొమ్ము ఆ మొహంతోనే పోతుంది.

ఇక జకాత్ మాట. దానికి అర్హులెవరో ఖురాన్‌లోనే ఎనిమిది తరగతులుగా చెప్పబడి ఉన్నది. కనుక ఆ పైసా, పట్టణ సొమ్ము ఒకే పెట్టెలో పడరాదు.

కుట్టు కేంద్రం కోసం పురపాలక సంఘానికి దరఖాస్తు పెట్టాలన్న తీర్మానం ఈసారి సర్వసభ్య సమావేశం ముందుకు వస్తున్నది. కేంద్రంలో ఏ మతం ఆడపిల్లకైనా చోటుంటుందని అందులో రాశాం. రెండు వేర్వేరు ఖాతా పుస్తకాలు ఆ రోజు బల్లమీద ఉంటాయి. చూడదలచినవారు అరగంట ముందే రండి.