అడవి బాటలు: మన నడకకూ చరిత్ర ఉంది

ఆదివారం వస్తే జన్నారం వైపు కార్లు వరుసగా పోతుంటాయి. పట్నం వాళ్లు టికెట్ కొని, సఫారీ బండి ఎక్కి, కవ్వాల్ అడవి చూసి పోతారు. మంచిదే. అడవిని చూసి సంతోషపడే మనుషులు ఎంతమంది ఉంటే అడవికి అంత మేలు. అయితే అదే అడవి అంచున ఉన్న మా బడిలో ఒక సోమవారం ఐదో తరగతి పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను: "మీ మేనమామ ఊరికి అడవి బాటన ఎట్లా పోతారు?" ఇరవై రెండు మందిలో ఇద్దరే చెప్పగలిగారు. మిగిలిన వాళ్లకు తెలిసింది ఆటో పోయే తారు రోడ్డు ఒక్కటే.

తప్పు పిల్లలది కాదు. నడిచే అవసరం తగ్గింది, నడిపించే పెద్దలు తగ్గారు. కానీ బాట మరిచిపోతే పోయేది బాట ఒక్కటే కాదు. మన చరిత్రను రాజులు రాయలేదు, మనమూ కాగితం మీద రాసుకోలేదు. అది చాలావరకు పాటలో, పర్ధాన్ల కథలో, అడవి బాట పక్కన ఉన్న బండల, చెట్ల, వాగుల పేర్లలో ఉంది. పాటల గురించి, కథల గురించి కొందరు రాశారు. బాటల గురించి రాసింది తక్కువ. అందుకే ఈ వ్యాసం.

బాటలు ఊరికే పడలేదు

అడవిలో కాలిబాట ఎవరో గీసి వేసింది కాదు. అవసరం ఉన్న చోటికే కాలు పోతుంది. నీళ్ల బాట చెలిమెకు పోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరే బాట, ఆ తర్వాత తునికాకు బాట. వారానికి ఒకసారి అంగడి బాట. కోలాములు గుట్ట వాలుల్లో పోడు చేసుకొని బతికిన రోజుల్లో గుట్ట మీది గూడేనికీ కింది గోండు గూడేనికీ నడుమ బాట. దీపావళికి ముందు దండారి బాట. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకొని, ఒక ఊరి బృందం మరో ఊరికి అతిథులుగా పోయేది ఆ బాటలోనే. ఏ ఊరితో మనకు పిల్లనిచ్చి పుచ్చుకొనే వరస ఉందో, ఏ ఊరితో లేదో ఆ బాటలు చూసి చెప్పవచ్చు.

వీటన్నింటిలో ఇప్పటికీ నిలిచి ఉన్న పెద్ద బాట మెస్రం వంశీయులది. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబాకు అభిషేకం చేయడానికి వాళ్లు గోదావరి జలం తేవాలి. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తిన మడుగు దాకా, మళ్లీ వెనక్కి, కాలినడకన పోయి వస్తారు. తెల్లని ధోవతులు, తెల్లని తలపాగాలు, ఒట్టి కాళ్లు. జలం నింపిన ఝారీని కింద పెట్టకుండా ఎంతో నిష్ఠగా తెస్తారు. తిరిగి వస్తూ ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. పూజకు కావలసిన కుండలు సిరికొండలో గుగ్గిళ్ల వంశానికి చెందిన కుమ్మరులు చేసి ఇస్తారు. అంటే ఈ బాట గోండులను గోదావరితోనే కాదు, పక్క ఊరి కుమ్మరి ఇంటితో కూడా కలుపుతుంది. బస్సులు, జీపులు వచ్చిన తర్వాత కూడా వాళ్లు నడక మానలేదు. బాటలో ఆగే ప్రతి చోటుకూ ఒక పేరు, ఒక కారణం ఉన్నాయి. నడక మానితే ఆ కారణాలు చెప్పుకొనే సందర్భమే ఉండదు.

నడక నేరమైన కాలం

నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లోని టేకు సర్కారుకు పెద్ద ఆదాయం. అడవికి హద్దులు కొలిచి, రిజర్వు లైన్లు గీశారు. కొన్ని గూడేలు ఆ లైన్ల లోపల పడ్డాయి, కొన్నింటిని ఖాళీ చేయించారు. నిన్నటిదాకా మేకలు తోలుకుపోయిన బాటలో ఇవాళ పోతే జుర్మానా. కట్టె తెచ్చినా, పశువు మేసినా కేసు. కొమురం భీం పోరాటం ఈ నేల మీదనే పుట్టింది. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ అని మనం నినాదంగా చెప్పుకొనేది రోజువారీ బతుకులో చూస్తే చాలా చిన్న విషయం: వాగుకు పోయే బాట, అడవికి పోయే బాట, చేనుకు పోయే బాట. ఆ మూడు బాటలు మూసుకుపోయినప్పుడే తిరుగుబాటు వచ్చింది.

ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గూడేలు తిరిగి, మనవాళ్లు భూములు, అడవులు ఎట్లా పోగొట్టుకున్నారో రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతి ఆదివాసీకి అది గుర్తుండాలి. మన బడి చదువు పిల్లల భాష నుంచి, పిల్లల ఊరి నుంచి మొదలైంది. నడుమ ఎక్కడో ఆ వరస తప్పింది.

స్వాతంత్ర్యం తర్వాత చట్టాలు మారాయి. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవిగా ప్రకటించే ముందు అక్కడి వాళ్ల హక్కులు విచారించాలి. అందులో దారి హక్కు, నీటి హక్కు, మేత హక్కు కూడా ఉన్నాయి. అయితే గడువులోగా అడిగినవాళ్లకే ఆ విచారణ. చదువు రాని గూడేలకు ఆ ప్రకటన అర్థం కావడమే కష్టం. అడగని హక్కు లేని హక్కు కింద లెక్క.

అభయారణ్యం, పులి, మనం

కవ్వాల్ 1965లో అభయారణ్యం అయింది. 2012లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. కోర్, బఫర్ కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలోకి ఎవరు పోవచ్చో చెబుతుంది: విధుల్లో ఉన్న ఉద్యోగి, అనుమతి పొంది అక్కడ నివసించేవాడు, లోపల భూమి హక్కు ఉన్నవాడు, ప్రజా రహదారి మీద పోయేవాడు. చూడడానికి వచ్చే వాళ్లకు అనుమతి పత్రం ఇవ్వవచ్చు. ఇక్కడ ఒక మాట గమనించండి. రహదారికి చట్టంలో పేరు ఉంది. మన కాలిబాట పేరు అందులో లేదు.

నేను పులికి వ్యతిరేకిని కాదు. పులి ఉన్న అడవిలో వాగు ఎండదని మా పెద్దలు చెప్పేవాళ్లు. పులికి మనిషి అలికిడి లేని చోటు కావాలి. కోర్ ప్రాంతంలోకి పిల్లల్ని తీసుకుపోవాలని నేను అనడం లేదు. కానీ గూడెం కదిలినప్పుడు దాని చుట్టూ ఉన్న బాటలు కూడా పోతాయని తెలుసుకోవాలి. 2024లో కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గూడేలను కోర్ ప్రాంతం నుంచి బయటికి తరలించారు. కొత్త చోట ఇల్లు కట్టించవచ్చు, భూమి ఇవ్వవచ్చు. పాత ఊరి నుంచి ఆకిపేన్ దగ్గరికి, సమాధుల దగ్గరికి పోయే బాటను ఏ లారీలోనూ తేలేము. కనీసం దాని పేర్లయినా రాసి పెట్టుకోవాలి కదా.

రాసి పెట్టుకుంటే ఏం లాభం

2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తులకు భూమి పట్టాలే కాదు, ఊరికి సామూహిక హక్కులు కూడా ఇస్తుంది. మన ఊళ్లలో చాలామంది వ్యక్తిగత పట్టా దగ్గరే ఆగిపోయారు. 2008 నియమాల్లో 13వ నియమం ఏవేవి సాక్ష్యంగా చెల్లుతాయో చెబుతుంది. పాత మేత బీళ్లు, దుంపలు, కాయలు, ఆకులు సేకరించే చోట్లు, చేపలు పట్టే చోట్లు, నీటి వనరులు, దేవుడి చెట్లు, పవిత్ర వనాలు, శ్మశానాలు అన్నీ సామూహిక హక్కుకు సాక్ష్యాలే. హక్కు అడిగే వ్యక్తి కాకుండా వేరే పెద్దమనిషి చెప్పిన మాటను రాతలో పెట్టినా సాక్ష్యమే.

ఈ జాబితా మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి పాత బాట గుర్తొచ్చింది. ఆ జాబితాలో ఉన్నవన్నీ ఆ ఒక్క బాట పక్కనే ఉన్నాయి.

అందుకే మరుసటి పుష్య మాసంలో పదిహేను మంది పిల్లలతో, డెబ్బై దాటిన ఒక తాతతో బడి నుంచి వాగు దాకా నడిచాం. పోను రెండు కిలోమీటర్లు, రాను రెండు. గుట్ట ఎక్కే పని లేదు, చిన్న పిల్లలు కూడా నడవగలిగే బాట. నేనొక్కడినే పోతే అరగంట పట్టేది. తాతతో రెండు గంటలు పట్టింది. ఎందుకంటే పది అడుగులకు ఒకసారి ఆయన ఆగాడు. ఇక్కడ బండ్లు ఆపేవాళ్లం. ఈ చెట్టు కింద పంచాయితీ జరిగేది. ఈ రాయి దగ్గర మా అవ్వ కట్టెల మోపు దించి నీళ్లు తాగేది. పిల్లలు ఇరవై ఏడు పేర్లు రాసుకున్నారు. అందులో పటంలో ఉన్నది ఒక్కటే, వాగు పేరు. అది కూడా తప్పుగా ఉంది.

తోటి ఉపాధ్యాయులకు, యువతకు నేను చెప్పేది ఇదే. మీ ఊరి దగ్గర అందరూ నడవగలిగే ఒక బాట ఎంచుకోండి. కోర్ ప్రాంతం వద్దు, ఊరి పొలిమేర చాలు. అక్కడి పద్ధతి ప్రకారం అనుమతి కావాలంటే ముందే అడగండి. చలికాలం పొద్దుపూట మేలు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున పోకండి, ఎలుగుబంట్లు అప్పుడే వస్తాయి. ఒక పెద్దమనిషిని, వీలైతే ఒక పెద్దావిడను వెంట తీసుకుపోండి. మగవాళ్లకు తెలియని నీళ్ల చోట్లు, ఆకుకూరల చోట్లు ఆడవాళ్లకే తెలుసు. పేరును మొదట గోండీలోనో కోలామీలోనో విన్నది విన్నట్టు రాయండి, తర్వాత అర్థం రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. ఒక ప్రతి బడిలో ఉంచండి, ఒకటి గ్రామసభలో అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి.

ఆ రోజు వాగు దగ్గర తాత కాళ్లు నీళ్లలో పెట్టుకొని కూర్చున్నాడు. ఇక్కడికి వచ్చి తొమ్మిదేండ్లయిందని చెప్పాడు. ఎందుకు రాలేదు తాతా అని ఒక అమ్మాయి అడిగింది. "ఎవరూ రమ్మనలేదు బిడ్డా" అన్నాడు. మా పిల్లల నోటుబుక్కులో ఇరవై ఏడో పేరు కింద ఆ అమ్మాయి ఈ మాట కూడా రాసుకుంది. నేను కొట్టివేయలేదు.